బడికి రెండు వాకిండ్లు

నాంపల్లి స్టేషనునుండి అబిడ్సునకు పోవు మార్గమున గోల్డెన్ త్రెషోల్డ్ అను పాత భవన మొకటి కలదు. అది డాక్టరు అఘోరనాథ చట్టోపాధ్యాయులవారి నివాసము. ఎడింబరో విశ్వవిద్యాలయమున శాస్త్రవిషయమున డాక్టరు పట్టము బడసి, హైదరాబాదు సంస్థానమునకు వచ్చి, ఇచట ఇంగ్లీషు విద్య నెలకొల్పినవారిలో అగ్రగణ్యుడైన వంగీయు డాయన. నిజాం కళాశాల చరిత్ర ఆయన పేరు లేక మొదలు కాదు. ఆయన పెద్దకూతురు సరోజిని బాల్యమున ఇంగ్లీషు మాటాడనని మొండికెత్తినది. ఆమెకు తొమ్మిదేండ్ల వయస్సున ఒకనాడు తండ్రి ఆమెను పగలంతయు ఒంటిగా గదిలో నుంచి తలుపు వేసెను. తలుపు తీసిన పిమ్మట ఆమె తండ్రితో గాని తల్లితో గాని మాటాడినది ఇంగ్లీషే. తల్లి మాత్రము ఆమెతో హిందూస్తానీలోనే పలుకుచుండెడిది. తండ్రి తన్ను దండించుట అదొక్క మారే యని కూడ ఆమె చెప్పినది. ఈ సంగతి 1905లో వెలువడిన ఆమె ప్రథమ కవితాసంపుటికి ఆర్థర్ సైమన్స్ వ్రాసిన పీఠికలో ఉన్నది. ఆ సంపుటి పేరే తరువాత ఇంటికి వచ్చినది.

తండ్రి కోరినది కూతురు గణితవేత్త కావలెనని, లేదా శాస్త్రజ్ఞురాలు కావలెనని. పదునొకండవ ఏట బీజగణితపు లెక్క యొకటి ఎంతకును తెమలక నిట్టూర్చుచు కూర్చున్న పిల్లకు లెక్కకు బదులు పద్యము వచ్చినది. పండ్రెండవ ఏట ఆమె మద్రాసు మెట్రిక్యులేషను పరీక్షలో నెగ్గినది. సరోజినీదేవి కీర్తి నెరిగిన మనము ఈ కథను విని నవ్వి ఊరకుందుము. కాని ఆ గది లోపల ఒక దినము గడపిన తొమ్మిదేండ్ల బిడ్డను ఒక్క నిమిషము తలచుకొన్నచో నవ్వు రాదు. తండ్రి క్రూరుడు కాడు. స్త్రీవిద్యాభిమాని, సంఘసంస్కర్త. 1883లో చాందా రైలుమార్గపు వ్యవహారమున ప్రభుత్వము నెదిరించి దేశబహిష్కృతుడైన ధైర్యశాలి. అట్టివాడు కన్నకూతురిని గదిలో నేల మూసెను?

మాకు తోచిన సమాధాన మిది. బడికి రెండు వాకిండ్లు. పిల్లవాడు పలక పట్టుకొని ప్రవేశించు వాకిలి యొకటి, పట్టము పట్టుకొని వెలువడు వాకిలి వేరొకటి. తల్లిదండ్రులు ఆ రెండవ వాకిటి కెదురుగా నిలిచి, అది ఏ వీథిలోనికి తెరచుకొనునో చూచి, బడి నెన్నుకొందురు. విద్యార్థి యన్ననో రెండు వాకిండ్ల నడుమ పది పండ్రెండేండ్లు బ్రతుకవలసినవాడు. వానికి బడి యనగా ఆ నడిమి గదులే. ఒకరు చూచునది రెండవవారికి కనబడదు. విద్యావిధానములను గూర్చి మనదేశమున జరిగిన వాదములలో పెక్కు ఈ రెండు చూపులను కలిపివేయుటవలన చిక్కుపడినవని మా తలంపు. ఇందుకు నిదర్శనముగా అబిడ్సు నాంపల్లి ప్రాంతముల విద్యాచరిత్రను కొంత పరిశీలింతము. ఒక క్రోసెడు నేలలో ఇన్ని విధముల బడులు, ఇన్ని భాషల బడులు పక్కపక్కన నిలిచిన చోటు తెలుగునాట మరియొకటి మే మెరుగము.

అబిడ్సు అను పేరు ఒక అంగడివాని పేరు. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ కొలువున నుండిన ఆల్బర్ట్ అబిద్ అను ఆర్మీనియా దేశీయుడు పెట్టిన దుకాణము ఆ వీథికి తన పేరు నిచ్చిపోయినది. అంతకు ముందే ఆ చుట్టుపట్ల బడులు వెలసినవి. సెయింట్ జార్జి గ్రామర్ పాఠశాల తన పుట్టుకను 1834 నుండి లెక్కించుకొనును. గన్‌ఫౌండ్రీ, అనగా జనులు తోప్ కా సాంచా అను ఫిరంగుల కొలిమి చెంత, 1855లో ఆల్ సెయింట్స్ పాఠశాల వెలసెను. 1887లో నిజాం కళాశాల, 1895లో మెథడిస్టు మిషనువారి స్టాన్లీ బాలికా పాఠశాల, 1904లో రోజరీ కాన్వెంటు, 1907లో మహబూబియా బాలికా పాఠశాల. ఇవన్నియు ఒకదాని గంట మరియొకదానికి వినవచ్చునంత దూరములోనివి.

ఆ కాలమున తెలుగు గృహస్థుని కున్న దారు లెవ్వి? ఊరి వీథిబడిలో బాలశిక్ష, అమరము, ఎక్కములు. కొలువు కావలెనన్న మౌల్వీ యొద్ద ఫారసీ. 1880వ దశకమున సంస్థానపు కచ్చేరీలలో ఫారసీ తొలగి ఉర్దూ వచ్చినది, కావున మౌల్వీ యొద్ద పాఠము మారినది, మౌల్వీ మారలేదు. మూడవది మిషను బడి. అక్కడ బైబిలు పాఠ మున్నదని తెలిసియు పంపిరి. ఇంటికి రాగానే పిల్లవానిచేత కాళ్లు కడిగించి సంధ్య వార్పించిరి. మతభయమును ఇంగ్లీషు కోరికతో తూచినపుడు త్రాసు ఎటు మొగ్గినదో చెప్పవలసిన పని లేదు. ఆడపిల్లల విషయమున వేరొక తూకము. మహబూబియా పాఠశాల ఘోషా పాటించు కుటుంబముల బాలికలకు ఇంగ్లీషు విద్య గరపుటకు ఏర్పడినది. గోడ ఎత్తుగా నున్నదని నమ్మకము కలిగిన తరువాతనే తండ్రులు గోడ లోపలి పాఠములకు సమ్మతించిరి.

ఇంతవరకు కథ ఇతర నగరములలోని కథయే. హైదరాబాదునకు ప్రత్యేకమైనది 1917లో మొదలగుచున్నది.

ఆ యేడు అక్బర్ హైదరీగారి విజ్ఞప్తిపై ఏడవ నిజాము ఉస్మానియా విశ్వవిద్యాలయ స్థాపనకు ఫర్మానా నిచ్చెను. ఇంగ్లీషులో గాక ఒక దేశభాషలో, అనగా ఉర్దూలో, ఉన్నతవిద్య యంతయు గరపవలెనని సంకల్పము. ఇంగ్లీషు ఒక నిర్బంధ పాఠ్యభాషగా నిలుచును గాని తక్కిన శాస్త్రములు ఉర్దూలో. పుస్తకములు లేవు గదా యన్న ప్రశ్నకు సమాధానముగా మౌల్వీ అబ్దుల్ హక్ గారి ఆధిపత్యమున అనువాదశాల, దారుల్ తర్జుమా, ఏర్పడెను. గణితము, న్యాయము, వైద్యము, చరిత్ర అన్నియు ఉర్దూలోనికి దిగినవి. 1919 ఆగస్టు 28వ తేదీన గన్‌ఫౌండ్రీ సమీపమున అద్దె భవనములలో కళాశాల తెరచుకొన్నది. మొదటి యేడు విద్యార్థులు 225 మంది, ఉపాధ్యాయులు 25 మంది. అడిక్‌మెట్టులోని ఆర్ట్సు కళాశాల రాతికట్టడము 1939 నాటిది. అది చూచి మురియువారు, ఈ సాహసము అబిడ్సు పక్క అద్దె ఇండ్లలో మొదలై నడచెనని మరచుచుందురు. ఇంగ్లీషు రాజ్యమేలుచున్న దినములలో, దేశభాష యొకటి ఇంజనీరింగునకు వైద్యమునకు చాలునని చేసి చూపిన మొదటి విశ్వవిద్యాలయ మది. రవీంద్రనాథ ఠాకూరు దానిని మెచ్చెను. మెచ్చదగినదే.

ఇక చిక్కు చూడుడు. నిజాం కళాశాల మద్రాసు విశ్వవిద్యాలయమునకు అనుబంధమై, ఇంగ్లీషులో పాఠములు చెప్పుచు, 1947 వరకు అట్లే ఉండెను. ఒకే సంస్థానము, ఒకే పేట. నడచిపోదగిన దూరములో రెండు కళాశాలలు. ఒకదానిలో ప్రశ్నపత్రము మద్రాసునుండి ఇంగ్లీషులో వచ్చును. రెండవదానిలో ఇచటనే ఉర్దూలో తయారగును. ఈ రెంటిలో దేనిలోనైనను తెలుగు విద్యార్థికి తెలుగు బోధనాభాష కాదు. 1931 జనాభా లెక్కలలో సంస్థాన ప్రజలలో నూటికి 48 మంది తెలుగువారు, 26 మంది మరాఠీవారు, 11 మంది కన్నడిగులు, పదిమంది మాత్రము ఉర్దూ ఇంటిభాషగా కలవారు. దేశభాషలో విద్య యను సూత్రము సత్యము. ఎవరి దేశభాష యను ప్రశ్న కడుగబడలేదు. అడిగినవారికి ఉత్తరము రాలేదు.

ఈ చోట మన పూర్వ లేఖకులు కొందరు ఉర్దూను రాక్షసి చేసి చిత్రించిరి. మే మట్లు చేయము. నాంపల్లిలో పుట్టిన తెలుగు బాలునికి ఉర్దూ వీథిభాష. గాలిపటము తెగినపుడు కేక వేసినది ఆ భాషలోనే. నల్లగొండ జిల్లా పల్లెనుండి వచ్చిన బాలునికి మాత్రము అది మరొక పరభాష. అతడు ఇంట తెలుగు, బడిలో ఉర్దూ, పాఠముగా ఇంగ్లీషు మోసెను. తండ్రు లెందుకు పంపిరి? రెండవ వాకిలి చూచి. సంస్థానపు కచ్చేరీ భాష ఉర్దూ. తాలూకా గుమాస్తా మొదలు మున్సిఫు వరకు కాగితము లన్నియు ఉర్దూలో. మద్రాసు పోగలవాడు, సీమకు పోగలవాడు కొడుకును నిజాం కళాశాలకు పంపెను. జిల్లా కచ్చేరీ చాలుననుకొన్నవాడు ఉస్మానియాకు పంపెను. ఇందు భాషాభిమానమును గాని భాషాద్వేషమును గాని వెదకుట వృథా.

విద్యార్థుల మాట వేరు. కాళోజీ నారాయణరావు, దాశరథి కృష్ణమాచార్య, సి. నారాయణరెడ్డి, వీరందరు ఉర్దూ బడులలో చదివినవారు. బడి వారికి తెలుగు నీయలేదు. అయినను తెలుగు కవులైరి. దాశరథి గాలిబు కవితను తెలుగుచేసి ఆ బడి ఋణమును తీర్చెను. మరి తెలుగు ఎక్కడ దొరకినది? ఇంట, ఊర, గ్రంథాలయములలో. 1901 సెప్టెంబరు 1వ తేదీన కొమఱ్ఱాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు మున్నగువారు నెలకొల్పిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము అబిడ్సుకు దాపుననే ఉన్నది. పట్టణమునకు వచ్చిన తెలుగు బాలురకు అది రెండవ బడి. హాజరుపట్టీ లేదు, పరీక్ష లేదు, పట్టమును లేదు. తల్లిదండ్రు లెవ్వరు ఆ బడికి పొమ్మని చెప్పలేదు. పిల్లలు తమంత పోయిరి. ఉపాధ్యాయుడగు మా వంటివానికి ఇది కొంచెము సిగ్గు కలిగించు చరిత్ర.

1921 నవంబరులో వివేకవర్ధని పాఠశాల ప్రాంగణమున నిజాం రాష్ట్ర సంఘసంస్కార మహాసభ జరిగెను. వివేకవర్ధని మరాఠీ పెద్దలు, కేశవరావు కోరట్కరు మొదలగువారు, 1907లో స్థాపించిన సంస్థ. సభాధ్యక్షులు పూనానుండి వచ్చిన ధోండో కేశవ కర్వే మహాశయుడు. ఉపన్యాసములు మరాఠీలో, ఉర్దూలో, ఇంగ్లీషులో సాగినవి. ఆలంపల్లి వెంకటరామారావు అను వకీలు తెలుగున మాటాడ లేచెను. సభలో ఎగతాళి చప్పట్లు చెలరేగినవి. ఆ రాత్రియే కొందరు తెలుగువారు టేకుమాల రంగారావుగారి ఇంట చేరి ఆంధ్రజనసంఘమును స్థాపించిరి. ఈ కథ మన వారందరు చెప్పుకొనునదే. కాని దీనికొక తరువాయి కలదు, అది తక్కువగా చెప్పబడును.

ఆ ఉద్యమమున ముందు నిలిచిన మాడపాటి హనుమంతరావు పంతులుగారు 1928లో నారాయణగూడలో ఆంధ్ర బాలికా పాఠశాలను స్థాపించిరి. బోధన తెలుగులో. పిల్లలు చేరిరి, తరగతులు పెరిగినవి. అపుడు రెండవ వాకిటి ప్రశ్న వచ్చినది. తెలుగులో చదివిన బాలిక ఏ మెట్రిక్యులేషను వ్రాయవలెను? ఉస్మానియా పరీక్ష ఉర్దూది. మద్రాసు దారి ఇంగ్లీషుది. తెలుగు మాధ్యమపు ఉన్నతపాఠశాలకు సంస్థానములో గుర్తింపు లేదు. అనుమతి లేక ప్రైవేటు బడి పెట్టరాదను నిబంధన వేరు. మాతృభాషాభిమానులు ఇచట నాలుగు మంచి ఉపన్యాసములు చేసి ఊరకుండవచ్చును. పంతులుగారు అట్లు చేయలేదు. పాఠశాలను కర్వే గారి మహిళా విశ్వవిద్యాలయమునకు అనుబంధముగా చేర్చిరి. 1916లో స్థాపితమైన ఆ విద్యాలయము మాతృభాషలో పరీక్ష వ్రాయనిచ్చెను. తెలుగునకు చప్పట్లు పడిన సభ కధ్యక్షుడుగా నుండిన మహానుభావుని విద్యాలయమే తెలుగు బాలికలకు వాకిలి తెరచినది! హైదరాబాదులో కూర్చుండి తెలుగులో పాఠము చదివి, బొంబాయి రాష్ట్రపు విశ్వవిద్యాలయము పట్టము నందుకొన్నారు మన ఆడుబిడ్డలు. మాడపాటివారు 1951లో నగరమునకు ప్రథమ మేయరైరి. మా దృష్టిలో అంతకంటె పెద్దది ఆయన ఈ వాకిలి వెదకి తెచ్చుట. తల్లిదండ్రులను నిందించుట సులభము, వారి ప్రశ్నకు జవాబు తెచ్చుట కష్టము.

అయినను ఒక చేదుమాట చెప్పక తప్పదు. సంస్కారప్రియులగు గృహస్థులే కొడుకులను ఉర్దూ బడికి, ఇంగ్లీషు బడికి పంపి, కూతుండ్రను తెలుగు బడికి పంపిరి. భాషపై ప్రేమచేతనే అట్లు చేసిరందుమా? కూతురు కచ్చేరీలో కొలువు చేయవలెనని వారు తలంపలేదు. జీతము కోరని చోట తల్లిభాషకు చోటు దొరకినది. మగపిల్లలకై తెలుగు మాధ్యమపు కళాశాల కావలెనని పట్టుబట్టిన తండ్రు లెందరు? ఆంధ్రమహాసభలు మాతృభాషా విద్యను కోరుచునే వచ్చినవి. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన మొదటి సభ జరిగినది మొదలు ఆ కోరిక మానలేదు. కాని తీర్మానమున కొక భాష, చేరిక దరఖాస్తున కొక భాష. ఆ బాలికలు మాత్రము ఈ లెక్కను తలక్రిందులు చేసిరి. పట్టము చేతికి వచ్చిన పిమ్మట వారిలో కొందరు ఉపాధ్యాయినులైరి, రచయిత్రులైరి. తండ్రులు గోడగా తలచినచోట వాకిలి బయలుపడినది.

విద్యార్థుల మనస్సు నేరుగా వినబడినది 1938లో. ఉస్మానియా వసతిగృహములలో వందేమాతరము పాడరాదనిరి. విద్యార్థులు తరగతులు విడిచి వెలికి వచ్చిరి. వెళ్లగొట్టబడిన వారిని నాగపురము విశ్వవిద్యాలయము చేర్చుకొన్నది. పాములపర్తి వేంకట నరసింహారావు వారిలో ఒకడు. మరల బయటి వాకిలియే! మద్రాసు, పూనా, నాగపురము: హైదరాబాదు తెలుగు పిల్లలకు ద్వారము లెల్ల ఎల్లల కావల తెరచుకొన్నవి. ఆ యేడే ఉస్మానియా పట్టభద్రుల సంఘము స్వదేశీ వస్తుప్రదర్శనమును ఆరంభించెను. 1946 నుండి అది నాంపల్లి మైదానమున జరుగుచున్నది. ఆ టిక్కెట్ల ఆదాయముతో ఎన్నియో విద్యాలయములు నడచుచున్నవి. మైదానము అంచున స్త్రీల కళాశాల యొకటి సరోజినీ నాయుడు పేరిట ఉన్నది. నుమాయిష్‌లో మిర్చి బజ్జీ తినువారు ఒక కళాశాలకు చందా నిచ్చుచున్నా రన్నమాట.

1948 సెప్టెంబరు పిమ్మట ఉస్మానియాలో ఉర్దూ తొలగి ఇంగ్లీషు వచ్చినది. తెలుగు రాలేదు. ఉర్దూ ఇంటివారి పిల్లలకు ఆ నాడు కలిగిన కలత, ముప్పదేండ్ల క్రిందట మన పిల్లలకు కలిగినదే. దానిని చూచి సంతసించినవారు తమ కథనే మరచిరి. 1953లో అబిడ్సులో లిటిల్ ఫ్లవర్ పాఠశాల వెలసినది. అది మొదలు ఆ పేటలో చేరిక దొరకుట గృహస్థునకు ఒక గౌరవచిహ్నమైనది. 1968లో తెలుగు అకాడమీ ఏర్పడి, దారుల్ తర్జుమా చేసిన పనినే తెలుగునకు చేయ బూనెను. పుస్తకములు వచ్చినవి, తెలుగు మాధ్యమపు డిగ్రీ తరగతులు వచ్చినవి. సంస్కృతము చదివిన వారము గనుక ఇచట ఒక మాట చెప్పు హక్కు మాకు కలదు. ఆకు ఎండలో ఆహారము వండుకొను పనిని మనము కిరణజన్య సంయోగక్రియ అంటిమి. ఉర్దూ పుస్తకము దానినే జియాయీ తాలీఫ్ అన్నది. ఒకటి సంస్కృతము, రెండవది అరబ్బీ. మొజంజాహీ మార్కెట్టులో పండ్లమ్ము స్త్రీకి రెండును సమానమే. పిల్లవానికి పరభాష తప్పించితి మనుకొని పరభాషనే మరొక లిపిలో పెట్టిన సందర్భములు లేకపోలేదు. సంస్కృతము మాకు ప్రాణము. అయినను ఏడవ తరగతి బాలునికి ఎదురుగా నిలిచినపుడు ఆ మాటను విడగొట్టి, వెలుగు, పుట్టుక, కలయిక అని మూడు తెలుగు మాటలు చెప్పినగాని వాని మొగమున వెలుగు పుట్టదు.

1985లో నాంపల్లి పబ్లిక్ గార్డెన్సులో తెలుగు విశ్వవిద్యాలయము స్థాపితమైనది. పొట్టి శ్రీరాములు పేరిట నుండిన దానికి 2025లో తెలంగాణ శాసనసభ సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టినది. 2018 చట్టముచే తెలంగాణలోని అన్ని పాఠశాలలలో తెలుగు ఒక పాఠ్యముగా క్రమక్రమముగా నిర్బంధమైనది. 2022-23లో ప్రభుత్వ పాఠశాలల 1 నుండి 8 తరగతులకు ఇంగ్లీషు మాధ్యమము వచ్చినది. పేరు తెలుగునకు, మాధ్యమము ఇంగ్లీషునకు! పండితులలో కొందరు దీనిని ద్రోహమనిరి. కాని ప్రభుత్వము తెచ్చుటకు ముందే తల్లిదండ్రులు తెచ్చుకొని యుండిరి. తెలుగు మాధ్యమపు బడులు ఖాళీ యగుచు, సందులలోని ఇంగ్లీషు బడులు నిండుచు నుండినవి. బడిపంతులు తన బిడ్డను ఏ బడిలో చేర్చెనో చూచి కూలివాడు తన బిడ్డను చేర్చెను. ఇందులో కూలివాని తప్పేమి?

చేరికల కాలమున ఒక తల్లి మా యొద్దకు వచ్చినది. అబిడ్సులో ఒక బట్టల దుకాణమున ఊడ్చి తుడుచు పని ఆమెది. చిన్నతరగతులలో తెలుగున చెప్పినచో పిల్లవానికి పునాది గట్టిపడునని మేము చాలసేపు బోధించితిమి. ఆమె ఓపికగా విని, "తెలుగు ఇంట్ల మేమున్నంగద సారూ నేర్పనీకి. ఇంగ్లీషు నేర్పేటోళ్లు మా ఇంట్ల ఎవరున్నరు?" అనెను. దుకాణములో లెక్క వ్రాయు పిల్ల కుర్చీపై కూర్చుండుననియు, తాను నేలపై కూర్చుందుననియు, ఇద్దరికిని తెలుగు వచ్చుననియు చెప్పినది. శాస్త్రము మా పక్షమున ఉన్నది. బిడ్డ తల్లిభాషలో మొదట నేర్చినచో తక్కినవన్నియు చక్కగా నేర్చునని విద్యాశాస్త్రజ్ఞులు పలుదేశములలో నిరూపించిరి. కుర్చీ మాత్రము ఆమె పక్షమున ఉన్నది. అఘోరనాథుడు గదికి గడియ పెట్టిన నాటినుండి ఈ వాదము ఇచటనే నిలిచి యున్నది.

ఇక నడిమి గదులలోని వాని మాట. ఇంగ్లీషు మాధ్యమము వచ్చినపుడు ప్రభుత్వము రెండు భాషల పుస్తకములు అచ్చువేసినది. ఎదురెదురు పుటలలో అదే పాఠము ఒక వంక ఇంగ్లీషులో, ఒక వంక తెలుగులో. మంచి ఆలోచన. మా తరగతిలో ఒక బాలుడు ఈ రెండు పుటలను ఎట్లు వాడునని అడిగితిమి. "పరీక్షకు ఈ పేజీ సార్, సమజ్ అయ్యేటందుకు ఆ పేజీ" అని చూపెను. పరీక్ష సంస్కృతము, పేజీ ఇంగ్లీషు, సమజ్ ఉర్దూ. నూరేండ్ల విద్యాచరిత్ర వాని నోట ఒక్క వాక్యములో కూర్చున్నది. మరియొక బాలిక చెప్పినది ఇంకను లోతైనది: ఇంగ్లీషులో అడిగినచో జవాబు కంఠస్థమై యుండుననియు, తెలుగులో అడిగినచో ఆలోచింపవలసి వచ్చుననియు. అందుచేత తెలుగులో అడుగవద్దని ఆమె ప్రార్థన!

కంఠస్థవిద్య చెడ్డదని మేమనము. అమరమును వల్లించి పెరిగినవారము. కాని అమరము వల్లించిన బాలుడు దానితో పరీక్ష ముగిసెనని తలంపలేదు. నేటి కళాశాలలు కొన్ని ఉదయము ఆరింటినుండి రాత్రి పదింటివరకు పిల్లలను కూర్చుండబెట్టి, ర్యాంకుల పటములు గోడల కెక్కించుచున్నవి. తల్లిదండ్రులు అప్పుచేసి ఆ రుసుము కట్టుచున్నారు. ఆదివారము అబిడ్సు కాలిబాటపై పాతపుస్తకము లమ్ముదురు. అక్కడ ఈ విద్య యొక్క అవశేషములు కుప్పలుగా పడియుండును. ప్రవేశపరీక్షల ప్రశ్నసంచయములు, ఒక యేడు వాడి పారవేసినవి, అంచులలో పెన్సిలు గీతలతో. ఒక దానిలో లెక్కకు పక్కన చిన్న చేప బొమ్మ గీసి యున్నది. కొనవలెననిపించినది.

2019 ఏప్రిల్ 18వ తేదీన తెలంగాణ ఇంటర్మీడియెటు ఫలితములు వెలువడినవి. దాదాపు తొమ్మిదిన్నర లక్షల మంది వ్రాసినారు. మూడు లక్షలకు పైగా తప్పిరి. పట్టీలలో తప్పులు బయలుపడినవి. తెలుగున సున్న వచ్చిన ఒక విద్యార్థినికి మరల చూచినపుడు 99 వచ్చినది. ఇరువది మందికి పైగా బిడ్డలు ప్రాణములు తీసికొనిరి. నాంపల్లిలోని బోర్డు కార్యాలయము వాకిట తల్లిదండ్రులు, విద్యార్థులు దినముల తరబడి ఎండలో నిలిచిరి, పోలీసులు వారిని ఈడ్చివేసిరి. తప్పినవారి కాగితములన్నియు ఉచితముగ మరల చూడవలెనని ప్రభుత్వము ఆజ్ఞాపించెను. తప్పు యంత్రముది యైనను, మనుష్యులది యైనను, విచారణసంఘము పని యది. మేము తలచునది వేరు. రెండవ వాకిలి యొక్కటే బడి యని పదునేడేండ్ల బిడ్డకు ఎవరు నమ్మకము కలిగించిరి? ఆ వాకిలి మూతపడెనన్న ఒక్క కాగితము చూచి, నడిమి గదులలో గడపిన పండ్రెండేండ్లు ఏమియు కావని ఆ బిడ్డ కేల తోచవలెను? బోర్డును అడుగవలసిన ప్రశ్న లున్నవి, అడిగినారు. ఈ ప్రశ్న మాత్రము మన ఇండ్లలో అడుగుకొనవలసినది.

ఆ వాకిట నిలిచినవారు అడిగిన ముఖ్యమైన కోరిక, పిల్ల వ్రాసిన జవాబు కాగితము తమకు చూపుమని. మార్కులు గాక వ్రాతను చూపుమనుట మాకు క్రొత్తగా తోచినది. అంతకు ముందు మా బడికి వచ్చిన తండ్రులలో ఎన్ని మార్కులని అడిగినవారే గాని, ఏమి వ్రాసినాడని అడిగినవాడు మాకు జ్ఞాపకము లేడు.

దానినుండి మా కొక యోచన కలిగినది. నెల కొకమారు తల్లిదండ్రులను పిలిచి, పిల్లలు ఇంగ్లీషులో చదివిన పాఠమును వారి ఎదుట తెలుగులోనో ఉర్దూలోనో, ఇంట ఏ భాష యైన ఆ భాషలో, చెప్పించుట. మార్కులు లేవు. మొదటినాడు ఒక బాలుడు వర్ష మెట్లు కురియునో తల్లికి చెప్పబోయి, సగము దారిలో ఆగి, పుస్తకమును తెలుగు పుటవైపు త్రిప్పుకొని, చదివి, మూసి, మరల చెప్పెను. ఆమె ఎదురు ప్రశ్నలు వేసినది. సముద్రపు నీరు ఉప్పన గదా, వాన నీరేల చప్పన యని. వాడు మా వంక చూచెను. మేము పలుకలేదు. బట్టల దుకాణపు తల్లికి ఈ సంగతి చెప్పి రమ్మంటిమి. పని విడిచి సాయంత్రము రాలేననెను. అందుచేత ఈ నెలనుండి దానిని ఆదివారము ఉదయమునకు మార్చితిమి.